పురిటి గదికి రెండు రంగులు

కన్‌కాబ్‌లో నలభై ఏళ్లు దాటని వాళ్లెవరిని తీసుకున్నా, భూమ్మీద వాళ్లను మొదట ముట్టుకున్నవి ఫిదేలియా చేతులే. ఊరిపెద్దగా ఎన్నికై టోపీ పెట్టుకుని తిరిగే మనిషి కూడా ఒకనాడు ఆమె చేతిలో తలకిందులుగా వేలాడి, పిర్ర మీద దెబ్బ తిని ఏడ్చినవాడే. అందుకే ఎంత మీసమున్న మగవాడైనా ఆమె ఎదురుపడితే ఒక మెట్టు దిగి మాట్లాడతాడు. ఆమెకు అరవై ఆరేళ్లు. పొట్టి మనిషి. మెడ దగ్గరా అంచు దగ్గరా పూలు కుట్టిన తెల్లటి వదులు అంగీ, వీపిల్ తప్ప ఆమె ఒంటి మీద మరో బట్ట ఎవరూ చూడలేదు. రోజూ ఒకటి ఉతికి, గంజి పెట్టి ఆరేస్తుంది. కాలు కదిపితే ఎర్రదుమ్ము లేచే ఊళ్లో అంత తెల్లగా తిరగాలంటే మొండితనం కావాలి. ఫిదేలియాకు దానికి కొదవ లేదు.

ఆమె ఇంట్లో ముందున్న పెద్ద గదే పురిటి గది. రాతి గోడలు. వీధి వైపు ఒక తలుపు, పెరటి వైపు ఒక తలుపు, పైన జానెడు కిటికీ. గోడకు కొక్కేలు, కొక్కేలకు వల ఊయల. ప్రతి ఏడూ నవంబరులో పోయినవాళ్ల పండగకు ముందు ఆ గదికి సున్నం వేయించేది. ఈ ఏడు ఫిబ్రవరిలో ఆరోగ్య కేంద్రం నర్సు వచ్చి గోడ మీద అరచెయ్యి రాసి, తెల్లబడ్డ చేతిని ఆమెకు చూపించింది.

"పెద్దమ్మా, ఈ సున్నం పొట్టు రాలి పిల్లల బొడ్డు మీద పడుతోంది. తడిగుడ్డతో తుడిస్తే పోని రంగు వేయించు. లేదంటే ఈ ఏడు నీ మంత్రసాని కార్డు మీద సంతకం పెట్టను."

"ఆ సంతకం పెట్టే చెయ్యి ముందు బయటికొచ్చిందా, తల ముందొచ్చిందా, పోయి మీ అమ్మనడుగు," అంది ఫిదేలియా.

నర్సు పడీ పడీ నవ్వింది. సంతకం మాత్రం పెట్టలేదు.

ఆ విధంగా రంగుల పని అల్లుడు విల్బెర్త్ మీద పడింది. అతను మేరీదా నగరంలో ఇళ్లకు రంగులు వేస్తాడు. అతనికి ఇంకే విషయంలోనూ గర్వం లేదు గానీ రంగుల దగ్గర మాత్రం ఎవర్నీ లెక్కచెయ్యడు. ముదురు రంగు ఎవడైనా పూస్తాడు, లేత రంగు దగ్గరే పనివాడెవడో పెయింటు పారబోసేవాడెవడో తేలిపోతుంది అంటాడు. శనివారం తన మూడు చక్రాల మోటారు బండిలో రెండు డబ్బాలు తెచ్చి పెరట్లో దించాడు. దుకాణంవాళ్లు వాటికి పెట్టిన పేర్లు ఒకటి ఎముక, ఒకటి దంతం.

"రెండూ తెలుపే కదా?" అంది అతని భార్య లాండీ.

విల్బెర్త్ ఆ పూట చిక్కుడు గింజల కూర సగంలో వదిలేసి లేచాడు. తెలుపట! దంతం రంగులో ఒక చుక్క పసుపు దాక్కుని ఉంటుంది. ఎముక రంగులో ఒక పిసరు బూడిద ఉంటుంది. పెళ్లై పదకొండేళ్లయినా పెళ్లానికి ఇంత చిన్న సంగతి తెలియకపోతే ఎలా అని అతని బాధ.

ఫిదేలియా గోడ మీద చెరో జానెడు పూసి చూపించమంది. విల్బెర్త్ తల అడ్డంగా ఊపాడు.

"బొట్టు పెట్టినట్టు పూస్తే ఏం తెలుస్తుందత్తా? పైగా సున్నం గోడ రంగును తాగేస్తుంది. సగం గదికి ఇది, సగం గదికి అది వేస్తా. నాలుగు రోజులు లోపల తిరుగు. పొద్దున చూడు, మధ్యాహ్నం చూడు. అప్పుడు చెప్పు."

గోడలు గీకి, అడుగుపూత వేసి, ఆరనిచ్చి, పెరటి వైపు సగానికి దంతం, వీధి వైపు సగానికి ఎముక వేశాడు. మూలల్లో రెండు రంగులూ కలిసే చోట దారం పట్టినట్టు గీత. గది నడుమ నిలబడితే కుడివైపు ఒక ఇంట్లో, ఎడమవైపు మరో ఇంట్లో ఉన్నట్టుండేది.

ఇంక ఊరి ఆడవాళ్లకు పని దొరికింది. పిండిమర నుంచి తిరిగొస్తూ తట్ట నెత్తిన పెట్టుకునే లోపలికొచ్చి తలా ఒక తీర్పు చెప్పి పోయేవాళ్లు. అందరికంటే గట్టిగా చెప్పింది ఎర్మీలా. ఆమె రెండు వీధుల అవతల ఉంటుంది. కోడలు మిర్సాకు నెలలు నిండాయి. కొడుకు కాన్‌కూన్‌లో హోటలు పనికి పోయాడు. వాళ్ల ఇంటి కప్పు మార్చే పని నడుస్తోంది కాబట్టి పురుడు ఫిదేలియా గదిలోనే పోసుకుని, నలభై రోజులూ అక్కడే ఉండాలని ముందే మాట్లాడుకున్నారు. అందువల్ల ఆ గది తన సొంత గదే అన్నట్టుండేది ఎర్మీలా ధోరణి.

"ఎముక రంగా? నీ బొంద! పిల్లలు పుట్టే చోట ఎముకలేంటే ఫిదేలియా? ఎముకల పని నవంబరులో శ్మశానంలో చూసుకుందాం. ఇదిగో, ఈ రంగు చూడు. మొక్కజొన్న అంబలి మీగడలా ఎంత కళగా ఉందో!"

నిజం చెప్పాలంటే ఫిదేలియా మనసు కూడా దంతం వైపే మొగ్గుతోంది. దానికి ఆమె లెక్కలు ఆమెకున్నాయి. దంతం గోడ పక్కన నిలబడితే ఎండిపోయిన ముఖం కూడా కాస్త నిండుగా కనిపిస్తోంది. రాత్రంతా నొప్పులు పడ్డ పిల్ల తెల్లారి అద్దంలో చూసుకుంటే ధైర్యం వస్తుంది. పైగా ఎర్రదుమ్ము దాని మీద అంతగా కనబడదు. ఎముక రంగు గోడ మీద ఈగ వాలి లేచినా మరక తెలిసిపోతోంది. ఆ గోడ పక్కన అందరూ ఉన్నట్టే కనిపిస్తున్నారు, ఉన్నట్టు కనిపించడం ఎవరికి ఇష్టం? శుక్రవారం దాకా చూసి చెబుతానని అల్లుడితో అంది.

శుక్రవారం దాకా ఆగే ఓపిక మిర్సా కడుపులో బిడ్డకు లేకపోయింది. మంగళవారం పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. మధ్యాహ్నం భోజనాల వేళకు ఆడపిల్ల. పురుడు తేలిగ్గానే జరిగింది. బొడ్డు కోసి, తుడిచి, మణికట్టుకు దిష్టి తగలకుండా ఎర్రదారం కట్టి, పెరటి వైపు కొక్కేలకు వేసిన ఊయలలో తల్లిని పడుకోబెట్టింది ఫిదేలియా. అది దంతం రంగు వేసిన వైపు. వీధి తలుపుకు దూరంగా, గాలి తగలకుండా ఎప్పుడూ అక్కడే పడుకోబెడుతుంది.

ఇక తలుపులు మూయడం. కన్‌కాబ్‌లో బాలింతా బిడ్డా నలభై రోజులు గడప దాటరు. బయటి గాలి సోకితే బిడ్డ బతకదంటారు. వేరే మంత్రసానులు ఈ కాలానికి తగ్గట్టు కొంచెం పట్టు సడలించారు. పదిహేను రోజులకే పెరట్లోకి రానిచ్చేవాళ్లున్నారు. ఫిదేలియా దగ్గర ఆ పప్పులుడకవు. తలుపు సందుల్లో గుడ్డపీలికలు కుక్కుతుంది. కిటికీకి బట్ట కడుతుంది, అందులోంచి వచ్చే మసక వెలుతురే వెలుతురు. లోపలికొచ్చే వాళ్లు గడప దగ్గర ఆగి, వెంట తెచ్చిన గాలి చల్లారేదాకా నిలబడాలి. బిడ్డను చూడడానికొచ్చిన కన్నతండ్రిని కూడా, చెమటతో వచ్చావు పొమ్మని వెనక్కి పంపిన మనిషి.

బుధవారం సాయంత్రం బిడ్డ ముఖం కొంచెం పచ్చగా అనిపించింది ఫిదేలియాకు. వెంటనే తన చెయ్యి చూసుకుంది. అదీ పచ్చగానే ఉంది. మిర్సా మెడ చూసింది, అదీ అంతే. అరిగిపోయిన పాత దుప్పటి కూడా కొత్త వెన్నలా కనిపిస్తోంది. గోడ మహిమ అనుకుని ఊరుకుంది.

ఎర్మీలా అయితే మురిసిపోయింది. "పసిమి ఛాయ! మా వైపు పోలిక. మా అమ్మ అచ్చం ఇదే రంగు."

గురువారం పొద్దున బిడ్డ పాలు సరిగా తాగలేదు. రొమ్ము పట్టిస్తే రెండు గుక్కలు తాగి నిద్రలోకి జారిపోతోంది. అరికాలు మీద చిటికేస్తే కళ్లు తెరిచి మళ్లీ మూసేస్తోంది.

"ఏడవని పిల్ల, అదృష్టం! మా వాడు మూడు నెలలు నన్ను కన్నుమూయనివ్వలేదు," అంది ఎర్మీలా.

"ఎక్కువ నిద్రపోతోంది," అంది ఫిదేలియా.

ఆమె బిడ్డ ముక్కు కొసను వేలితో నొక్కి వదిలింది. నెత్తురు తప్పుకున్న చోట చర్మం అసలు రంగు ఒక్క క్షణం బయటపడుతుంది. ఆ చోటు పచ్చగా కనిపించింది. తన ముంజేతిని నొక్కి చూసుకుంది. అక్కడా పచ్చగానే ఉన్నట్టుంది. పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. ఇక్కడ వ్యవహారం తిరగబడింది. గదే పచ్చగా ఉంది, ఇంక కామెర్లు ఎవరికున్నాయో ఎవరు చెప్పాలి? నలభై ఏళ్లుగా సున్నం గోడల మధ్య చూడడానికి అలవాటుపడ్డ కళ్లు ఆమెవి. సున్నం ఉన్నప్పుడు చూస్తే చాలు, తెలిసిపోయేది. ఇప్పుడు ఆ కళ్లను తనే నమ్మలేకపోతోంది.

బిడ్డనెత్తుకుని గదికి ఆ చివర ఎముక రంగు గోడ దగ్గరికి వెళ్లింది. అక్కడ పసుపు తగ్గినట్టనిపించింది. పరవాలేదనుకుంటూ ఈ చివరికి వచ్చింది. ఇక్కడ మళ్లీ గుడ్డులో సొన. అటు వెళ్లింది. ఇటు వచ్చింది. ఒక గోడ బిడ్డకు రోగమంటోంది, ఒక గోడ ఏం లేదంటోంది.

"పిల్లను ఊరేగిస్తున్నావా ఏంటే?" అంది ఎర్మీలా. "తల తిరుగుతోంది నాకు. కూర్చో."

ఫిదేలియా కూర్చోలేదు. వీధి తలుపు దగ్గరికి పోయి, తెరవకుండానే అల్లుణ్ని కేకేసింది. విల్బెర్త్ బయట మూడు చక్రాల బండి కడుగుతున్నాడు.

"ఏవయ్యా! ఒక వస్తువు ఒక గోడ దగ్గర ఒక రంగూ, ఇంకో గోడ దగ్గర ఇంకో రంగూ కనిపిస్తే ఏది నిజం?"

"రెండూ అబద్ధమేనత్తా," అన్నాడు తలుపు అవతల నుంచి. "రెండు రంగులున్న గదిలో ఏదీ నమ్మకూడదు. ఆ గోడ వెలుతురు ఈ గోడ మీద పడుతుంది. ఎముక దగ్గర నిలబడ్డా ఎదురుగా దంతమే కదా కంట్లో పడేది. డబ్బా మూత మీద పూసి రంగు చూడాలంటే మేం ఇంట్లో చూడం. బయటికి తీసుకుపోయి ఎండలో చూస్తాం. ఎందుకూ, శుక్రవారం రేపేగా, తేల్చావా?"

ఫిదేలియా తలుపు దగ్గరి నుంచి వెనక్కి తిరిగింది. ఎండలో చూడాలట. మూడో రోజు బిడ్డను ఎండలో!

ఊళ్లో అందరూ ఫిదేలియాది చాదస్తమనుకుంటారు గానీ, దాని వెనక సంగతి తెలిసినవాళ్లు చాలామంది పోయారు. పంతొమ్మిదేళ్లప్పుడు ఆమెకు మొదటి కొడుకు పుట్టాడు. ఇదే గది. మే నెల. తలుపులూ కిటికీ మూసి, లోపల ఒక కొవ్వొత్తి పెట్టి, ఉక్కలో ఉడికిపోతోంది. అయిదో రోజు వాళ్లమ్మ బావి దగ్గరికి వెళ్లినప్పుడు ఆమె ఇంక తట్టుకోలేక పెరటి తలుపు కొంచెం తీసింది. పెనం మీద రొట్టె ఒక పక్క కాలేంత సేపు, అంతే. మళ్లీ మూసేసింది. ఎనిమిదో రోజు పిల్లవాడు పోయాడు. వాళ్లమ్మ తిట్టలేదు, కొట్టలేదు. పీలికలు ఊడిన తలుపు సందు చూసి "గాలి" అంది. ఆ ఒక్క మాటతో ఫిదేలియా నలభై ఏడేళ్లు బతికింది. తన తర్వాత ఎవరి తలుపూ తెరుచుకోకుండా చూసుకోవడమే తన శిక్ష అనుకుంది. వాళ్లమ్మ దగ్గర మంత్రసాని పని నేర్చుకున్నది కూడా అందుకే.

ఇప్పుడు ముందు నుయ్యి, వెనక గొయ్యి. బయటికి తీసుకెళ్తే గాలి సోకొచ్చు. తీసుకెళ్లకపోతే ఈ పచ్చదనం నిజమైందో కాదో తెలియదు. తెలిసేసరికి ఆలస్యమైపోవచ్చు. చేతుల్లో బిడ్డ చూస్తే వదులు మూటలా వేలాడుతోంది. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలంటారు. పట్టడం ఆమెకు వచ్చు. వదలడమే రాదు.

ఆమె పెరటి తలుపు దగ్గరికి పోయి, ఒక చేత్తో సందులోంచి పీలికలు లాగడం మొదలుపెట్టింది.

ఎర్మీలా ఒక్క గెంతులో తలుపుకు అడ్డం పడింది. "ఏం చేస్తున్నావే? పిచ్చి పట్టిందా?"

"తప్పుకో. ఎండలో చూడాలి."

"మూడో రోజే! ఊరందరి తలుపులకూ గుడ్డలు కుక్కావు. నా కొడుకును నలభై రోజులు చీకట్లో పెట్టించావు. ఇప్పుడు నా మనవరాలి దగ్గరికొచ్చేసరికి నీకు ఎండ కావాల్సొచ్చిందా?"

"అవును."

"దానికేమన్నా అయితే?"

"అయితే నా వల్లే అయిందని ఊరంతా చెప్పుకో. నేను కాదనను. ఇప్పుడు తప్పుకో ఎర్మీలా. చేతిలో బిడ్డుంది, నిన్ను తొయ్యలేను."

ఎర్మీలా కదల్లేదు. ఊయలలోంచి మిర్సా మాట్లాడింది. అత్త ఎదుట నోరెత్తే పిల్ల కాదు. పెళ్లయిన రెండేళ్లలో ఆమె గొంతు ఎలా ఉంటుందో ఇరుగుపొరుగుకు తెలియదు.

"అత్తా, తప్పుకో. పాలు తాగట్లేదది. నా రొమ్ములు రాళ్లయిపోయాయి. నాకు తెలుస్తోంది, అది తాగట్లేదు."

ఎర్మీలా కోడలి వైపు చూసింది. తర్వాత పక్కకు జరిగింది.

తలుపు తెరుచుకోగానే వెలుతురు గదిలోకి దూసుకొచ్చింది. గడప దాటడానికి ఫిదేలియాకు ఎంతసేపు పట్టిందో ఎర్మీలా తర్వాత చాలాసార్లు ఊళ్లో చెప్పింది, చెప్పినప్పుడల్లా ఇంకొంచెం పెంచి చెప్పింది. దాటింది. నారింజ చెట్టు నీడ దాటి, పెరటి నడిమధ్యకు వెళ్లి, బిడ్డ ఒంటి మీది గుడ్డ విప్పి, తన తెల్లటి వీపిల్ మీద గుండెకు ఆనించి పట్టుకుంది.

అడగాల్సిన పని లేకపోయింది. గంజి పెట్టిన ఆ తెలుపు మీద బిడ్డ పసుపు ముద్దలా ఉంది. ముఖం, రొమ్ము, పొట్ట, తొడల దాకా. రెప్ప ఎత్తి చూసింది. కంటి తెల్లగుడ్డు కూడా అంతే. ఎర్మీలా వెనకాలే వచ్చి చూసింది. ఇంతకుముందు పసిమి అన్న నోటికి శాలువా అడ్డం పెట్టుకుంది.

"అల్లుడూ! బండి తియ్యి," అని అరిచింది ఫిదేలియా.

తెకాష్‌లో ఉన్న ఆసుపత్రికి ముప్పావు గంట దారి. మిర్సాకు తల నుంచి కాళ్ల దాకా దుప్పటి చుట్టారు. బండి వెనక రంగు డబ్బాలుండే చోట ముగ్గురు ఆడవాళ్లూ బిడ్డా. ఎర్మీలా దారి పొడుగునా తన శాలువా రెండు చేతులతో తెరలా పట్టుకుని గాలికి అడ్డం కూర్చుంది. ఆమె చేతులు లాగేస్తున్నాయని తెలుస్తూనే ఉంది, కానీ దించలేదు. విల్బెర్త్ ఎప్పుడూ లేనిది గుంతలు చూసి నడిపాడు.

ఆసుపత్రిలో చిన్నవయసు డాక్టరమ్మ బిడ్డను చూడగానే ఎవర్నీ ఏమీ అడక్కుండా లోపలికి తీసుకుపోయింది. తల్లి నెత్తురూ బిడ్డ నెత్తురూ పడని రకాలట. అందుకే కామెర్లు అంత తొందరగా ఎక్కాయట. బిడ్డ కళ్లకు గుడ్డ కట్టి, ఒంటి మీద నూలుపోగు లేకుండా, నీలి వెలుతురు దీపాల కింద గాజుపెట్టెలో పడుకోబెట్టారు. అద్దంలోంచి చూసిన ఎర్మీలా, నలభై రోజులు చీకట్లో ఉండాల్సిన పిల్లను దీపాల కింద ఆరబెట్టారని ముక్కు చీదింది. కానీ అక్కణ్నుంచి కదల్లేదు.

"ఇంకో రోజు ఆగుంటే మెదడుకు పాకేది," అంది డాక్టరమ్మ. "మూసిన గదిలో ఎలా కనిపెట్టారు?"

"ఎండలో పెట్టి చూశా," అంది ఫిదేలియా. ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టుగా అంది.

మర్నాడు ఆమె ఊరికి వచ్చింది. విల్బెర్త్ కుంచెలు నానబెట్టుకుని కూర్చున్నాడు. ఏ రంగు అని అడగడానికి జంకుతున్నాడు.

"ఎముక వెయ్యి," అంది. "గది మొత్తం."

"ఎర్మీలా పిన్ని ఒప్పుకుంటుందా? ఊళ్లో కూడా అందరికీ దంతమే నచ్చింది కదత్తా?"

"నచ్చింది. అది అందరి ముఖానికీ తన పసుపు కొంచెం పూస్తుంది, అందుకే నచ్చింది. ఎముక తన మాట కలపదు. ఎలా ఉన్నవాళ్లను అలా చూపిస్తుంది. నాకు అదే కావాలి. ఇంకో సంగతి, ఆ కిటికీ జానెడుంది. మేస్త్రీని పిలిచి బారెడు చేయించు."

విల్బెర్త్ ఎముక రంగు డబ్బా మూత తీశాడు. లేత రంగుల గురించి పదిహేనేళ్లుగా తను చెబుతున్నది అర్థమైన మొదటి మనిషి అత్తేనని అతనికి సంతోషం కలిగింది. లాండీతో ఆ మాట అని, ఆ రోజు కూడా సగం భోజనం మీద లేవాల్సి వచ్చింది.

ఆరో రోజు బిడ్డను ఇంటికి పంపిస్తామన్నారు. ఫిదేలియా మళ్లీ బండెక్కి తెకాష్ వెళ్లింది. బిడ్డ దీపాల కింద నుంచి బయటికొచ్చి, తల్లి రొమ్ము పట్టుకుని వదలడం లేదు. చర్మం గోధుమరంగుకు తిరిగింది, తల్లి రంగే. ఎర్మీలా ఇంక పోలికల గురించి మాట్లాడలేదు.

కాగితాలు రాస్తున్న డాక్టరమ్మ దగ్గరికి ఫిదేలియా వెళ్లి నిలబడింది.

"తల్లీ, ఒకటి అడుగుతా. ఎనిమిది రోజుల పిల్లవాడు. పాలు మానేసి నిద్రపోయాడు. తర్వాత సన్నగా, కీచుమని ఏడ్చాడు. వీపు విల్లులా వెనక్కి వంగిపోయింది. అదేంటి?"

డాక్టరమ్మ కలం ఆపింది. "ఎక్కడ? ఇప్పుడా?"

"లేదు. చాలా ఏళ్లయింది. నా కొడుకు."

"పచ్చబడ్డాడా?"

"తెలీదు. తలుపులు మూసున్నాయి. కొవ్వొత్తే ఉండేది."

"చూడని బిడ్డ గురించి ఒట్టేసి చెప్పలేనమ్మా," అంది డాక్టరమ్మ. కుర్చీ జరిపి దగ్గరగా వచ్చింది. "కానీ మీరు చెప్పినవన్నీ కామెర్లు మెదడుకెక్కితే ఉండే గుర్తులే. ఈ పాప కూడా అటే వెళ్లేది."

"గాలి సోకితే అలా వంగరా?"

"గాలికి ఎవరూ అలా వంగరు."

"అయిదో రోజు నేను తలుపు తీశాను. కొంచెంసేపు."

"తలుపు తీసినందుకు పోలేదమ్మా వాడు. అది మాత్రం ఒట్టేసి చెబుతా."

ఫిదేలియా తల ఊపి బయటికొచ్చింది. వరండాలో బల్ల మీద కూర్చుంది. ఎర్మీలా మనవరాలినెత్తుకుని వచ్చి పక్కన కూర్చుంది. ఆమె లోపలి మాటలన్నీ గుమ్మం దగ్గర నిలబడి విన్నది. వినలేదని అనడానికి ప్రయత్నించలేదు.

"వినలేదా ఏం చెప్పిందో? నీ తప్పు కాదంది," అంది. "ఇన్నేళ్లు ఊరికే కుమిలిపోయావు. ఇంక వదిలెయ్యి."

"నేను తలుపు తీసినప్పుడు ఎండ ఊయల దాకా వచ్చిందే," అంది ఫిదేలియా. "వాడి కాళ్ల మీద పడింది. నాకు భయమేసి మూసేశా. ఇంకొంచెంసేపు తెరిచి ఉంచుంటే వాడి ముఖం మీదికి వచ్చేది. చూసేదాన్ని."

ఎర్మీలా తన ఒళ్లో బిడ్డను తీసి ఫిదేలియా ఒళ్లో పెట్టింది.

ఫిదేలియా బిడ్డను తెల్లటి వీపిల్ మీద పడుకోబెట్టుకుని, ముఖం మీద గుడ్డ తొలగించింది. వరండాలో మధ్యాహ్నపు వెలుతురు ధారాళంగా ఉంది. ఎర్మీలా గాలికి అడ్డం పెట్టడానికి శాలువా ఎత్తబోయి, మానేసి, చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఫిదేలియా ఆ ముఖాన్ని చూస్తూ పెద్దగా ఏడ్చింది. అన్నేళ్లూ తలుపు తీసినందుకు ఏడ్చేది, ఆ రోజు మూసినందుకు ఏడ్చింది.